రీలోడింగ్ గిట్టుబాటు అవుతుందా? 9 ఎంఎంకి ఒక లెక్క, 6.5 క్రీడ్‌మూర్‌కి ఇంకో లెక్క

మీరు అడిగింది ఇదీ. డాలస్ దగ్గర సొంత ఇల్లు, గ్రీన్ కార్డు ఉంది, ఇంట్లో మూడేళ్ల పాప. 9 ఎంఎం పిస్టల్‌తో నెలకు 200 రౌండ్లు (తూటాలు), కొత్తగా కొన్న 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్‌తో నెలకు 60 రౌండ్లు కాలుస్తున్నారు. కాల్చిన గుల్లల్లో మళ్లీ పౌడర్, బుల్లెట్ నింపి ఇంట్లోనే లోడ్ చేసుకుంటే (దీన్నే రీలోడింగ్ అంటారు) సగం ధరకే పడుతుందని ఆఫీసులో ఒకాయన చెప్పారు. 1,200 డాలర్లు పెట్టి ప్రోగ్రెసివ్ ప్రెస్ (హ్యాండిల్ లాగిన ప్రతిసారీ అన్ని పనులూ ఒకేసారి చేసే యంత్రం) కొందామనుకుంటున్నారు. హెచ్-1బి మీద మీ ఇంట్లోనే ఉంటున్న బావమరిది సాయం చేస్తానన్నాడు. మిగిలిన రౌండ్లు స్నేహితులకు అసలు ధరకే ఇస్తే తప్పేంటని కూడా అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 9 ఎంఎం కోసమైతే ఏమీ కొనకండి. క్రీడ్‌మూర్ కోసం కొనొచ్చు, కానీ ప్రోగ్రెసివ్ అక్కర్లేదు, ఒకసారికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ చాలు. బావమరిదిని ఈ పనికి దూరంగా ఉంచండి. స్నేహితులకు ఒక్క రౌండు కూడా అమ్మకండి.

ఇక లెక్క. తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగిలితే మండి పౌడర్‌ను అంటించే ప్రైమర్, లోపల పౌడర్, పైన బుల్లెట్. కాల్చాక మిగిలేది గుల్ల ఒక్కటే. దాన్నే మనవాళ్లంతా బ్రాస్ అంటారు. రీలోడింగ్‌లో ఆదా అంతా దాన్ని మళ్లీ వాడుకోవడంలోనే ఉంది, తక్కిన మూడూ ప్రతిసారీ కొత్తవి కొనాల్సిందే. అందుకని బ్రాస్ ఖరీదైన తూటాల్లో ఆదా ఎక్కువ, చవక తూటాల్లో తక్కువ. 9 ఎంఎం అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా తయారయ్యే సెంటర్‌ఫైర్ (ప్రైమర్ అడుగున మధ్యలో ఉండే) తూటాల్లో ఒకటి. ఫ్యాక్టరీలు వాటిని ఎంత చవగ్గా చేస్తాయంటే, మనం ఊరికే వచ్చిన బ్రాస్‌తో మొదలుపెట్టినా వాళ్ల ధరకు దగ్గర్లోనే ఆగిపోతాం.

కింద నేను వేసే ధరలు సుమారువి. మీ దగ్గరి షాపులో ఉన్న ధర పెట్టి మళ్లీ వేసుకోండి.

9 ఎంఎంలో ప్రైమర్ 8 సెంట్లు. బుల్లెట్ వెయ్యి చొప్పున కొంటే 10 సెంట్లు. పౌడర్‌కి కొలత గ్రెయిన్, పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఒక రౌండుకు సుమారు 5 గ్రెయిన్లు అనుకుంటే పౌండుకు 1,400 రౌండ్లు వస్తాయి, పౌండు 42 డాలర్లయితే రౌండుకు 3 సెంట్లు. ఈ 5 అన్నది డబ్బు లెక్క కోసం చెప్పిన అంకె, దీన్ని చూసి లోడ్ చేయకండి. బ్రాస్ రేంజ్‌లో మీరు ఏరుకున్నదే, సున్నా. మొత్తం 21 సెంట్లు. అదే వెయ్యి రౌండ్ల పెట్టె కొంటే ఫ్యాక్టరీ రౌండు 24 సెంట్ల చుట్టుపక్కల దొరుకుతోంది. మిగిలేది 3 సెంట్లు.

1,200 డాలర్లను 3 సెంట్లతో భాగించండి. 40,000 రౌండ్లు. మీరు ఏడాదికి కాల్చేది 2,400. ప్రెస్ డబ్బులు తిరిగి వచ్చేసరికి మీ పాప కాలేజీకి వెళ్తుంది. కోటెడ్ లెడ్ బుల్లెట్లు వాడితే ఇంకో రెండు సెంట్లు తగ్గుతాయి, అప్పుడు కూడా పదేళ్లు. నెలకు రెండు వేల రౌండ్లు కాల్చే పోటీ షూటర్ల సంగతి వేరు. వాళ్లకు డబ్బుతో పాటు తక్కువ రికాయిల్ (తుపాకీ వెనక్కి తన్నడం) ఉన్న లోడ్ కావాలి, అది షాపులో అంత తేలిగ్గా దొరకదు. మీ అవసరం అది కాదు.

మీ ఆఫీసాయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్క 2019 నాటిది, అంతే. అప్పట్లో వెయ్యి ప్రైమర్లు 30, 35 డాలర్లకు వచ్చేవి. 2020లో కోవిడ్, ఎన్నికలు, కొత్తగా తుపాకులు కొన్న జనం, అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. అదే ఏడాది రెమింగ్టన్ దివాలా తీసింది. ప్రైమర్లు షెల్ఫుల మీద కనిపించడం మానేశాయి. తిరిగి అమ్మేవాళ్ల దగ్గర వెయ్యికి వంద డాలర్లు దాటాయి. తర్వాత సరుకు వచ్చింది గానీ పాత ధర మాత్రం రాలేదు. ఆ తర్వాత పౌడర్ వంతు వచ్చింది. పౌడర్‌కి మూలమైన నైట్రోసెల్యులోజ్‌నే ఫిరంగి గుళ్లకూ వాడతారు, ఉక్రెయిన్ యుద్ధంతో దానికి గిరాకీ పెరిగింది. ఇంటర్నెట్‌లో కనిపించే పాత సలహాల్లో సగం ఈ రెండు మార్పులకూ ముందు రాసినవి. రౌండుకు 3 సెంట్ల ప్రైమర్ అని కనబడితే ఆ పేజీ తేదీ చూడండి.

క్రీడ్‌మూర్ దగ్గర కథ మారిపోతుంది. మ్యాచ్ గ్రేడ్ (పోటీల నాణ్యత ఉన్న) ఫ్యాక్టరీ తూటాలు 20 ఉన్న డబ్బా 30 నుంచి 40 డాలర్ల మధ్య ఉంటుంది. రౌండు 1 డాలరు 60 సెంట్లు అనుకుందాం. ఇంట్లో అయితే 140 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ 42 సెంట్లు, ప్రైమర్ 9. పౌడర్ రౌండుకు 42 గ్రెయిన్లు అనుకుంటే పౌండుకు 166 రౌండ్లు, 48 డాలర్ల పౌండుకి రౌండుకు 29 సెంట్లు. బ్రాస్ మంచిది కొంటే ఒక్కోటి 1 డాలరు 10 సెంట్లు, పదిసార్లు వాడితే సారికి 11 సెంట్లు. కలిపితే 91. రౌండుకు దాదాపు 70 సెంట్ల ఆదా. ఇప్పటిదాకా మీరు కాల్చిన ఫ్యాక్టరీ తూటాల బ్రాస్ దాచి ఉంటే మొదట్లో ఆ 11 సెంట్లు కూడా లేవు. పారేయడం మాత్రం ఈరోజే ఆపండి.

సింగిల్ స్టేజ్ ప్రెస్, డైలు (గుల్లను సైజుకు తెచ్చే అచ్చులు), తూకం, కాలిపర్ (పొడవు, మందం కొలిచేది), ట్రిమ్మర్ (గుల్ల పొడవు సరిచేసేది), బ్రాస్ కడిగే టంబ్లర్ అన్నీ కలిపి 550 డాలర్లలో సర్దుకోవచ్చు. 550ని 70 సెంట్లతో భాగిస్తే 786 రౌండ్లు. మీరు ఏడాదికి 720 కాలుస్తున్నారు. పదమూడు నెలల్లో పెట్టుబడి వెనక్కి వస్తుంది. ప్రెస్ ఒక్కటీ సెకండ్ హ్యాండ్‌లో చూడండి. పోత ఇనుముతో చేసిన పాత ఆర్‌సిబిఎస్ కంపెనీ ప్రెస్‌లు ఎస్టేట్ సేల్స్‌లో (పోయినవాళ్ల ఇంటి సామాను అమ్మే చోట) వస్తుంటాయి. అవి అరగవు, తరగవు. తూకం, కాలిపర్ మాత్రం కొత్తవే కొనండి.

ఇందులో నాకు నచ్చే చిన్న విచిత్రం ఒకటుంది. క్రీడ్‌మూర్‌ని హార్నడీ కంపెనీ 2007లో తెచ్చింది, ఫ్యాక్టరీ తూటాతోనే దూరపు పోటీలు గెలవాలన్న ఆలోచనతో. మొదట్లో ఏ పౌడర్ ఎంత వేశారో డబ్బా మీదే అచ్చు వేసేవారు. కాబట్టి ఆ ఫ్యాక్టరీ తూటా నిజంగానే బాగుంటుంది. ఇంట్లో లోడ్ చేస్తే గురి అమాంతం పెరుగుతుందని ఎవరైనా చెప్తే సగమే నమ్మండి. పౌడర్ బరువు ప్రతి రౌండుకూ ఒకేలా ఉంటే బుల్లెట్ వేగం ఒకేలా ఉంటుంది, బుల్లెట్‌ని ఎంత లోతుకు దించాలో మీ తుపాకీ చాంబర్‌ను (తూటా కూర్చునే భాగాన్ని) బట్టి సర్దుకోవచ్చు. ఇది నిజమే. కానీ ఆ తేడా వెయ్యి గజాల దగ్గర నిలువునా కనబడుతుంది, వంద గజాల దగ్గర చాలావరకు షూటర్ చేతిలోనే ఉంటుంది. మీరు ఏ దూరంలో కాలుస్తున్నారో రాయలేదు. మూడు వందల గజాల లోపే అయితే రీలోడింగ్ మీకు డబ్బు మిగులుస్తుంది, స్కోరు మీద ఆశ పెట్టుకోకండి.

ఈ లెక్కలో రాని ఖర్చులు కొన్ని ఉన్నాయి. పౌడర్, ప్రైమర్ ఆన్‌లైన్‌లో తెప్పిస్తే హజార్డస్ మెటీరియల్ రుసుము ప్రతి ఆర్డరుకూ వేరే పడుతుంది, ఇరవై డాలర్ల నుంచి మొదలు. ఒక పౌండు పౌడర్ కోసం అది కడితే ఆదా అక్కడే ఆవిరి. ఒకేసారి ఎక్కువ తెప్పించండి, లేదా ఊళ్లో షాపులో కొనండి. తుపాకీ కంపెనీల్లో చాలావాటి వారంటీ రీలోడ్ చేసిన తూటాలు వాడితే చెల్లదు, మాన్యువల్‌లో రాసి ఉంటుంది చూడండి. ఇంకోటి, దీన్ని ఎవరూ లెక్కలో వేయరు: రౌండు చవకైతే మనం ఎక్కువ కాలుస్తాం. నెలకు 60 కాస్తా 100 అవుతుంది. 60 రౌండ్లకు ఫ్యాక్టరీ ఖర్చు 96 డాలర్లు, 100 రౌండ్లకు సొంత లోడ్ ఖర్చు 91. నెల బడ్జెట్‌లో తేడా ఐదు డాలర్లే. ఇంట్లో వాళ్లకు "డబ్బు ఆదా చేస్తున్నా" అని చెప్పకుండా "అదే డబ్బుకు ఎక్కువ కాలుస్తున్నా" అని చెప్పడం మంచిది, రేపు క్రెడిట్ కార్డు బిల్లు చూసినప్పుడు గొడవ ఉండదు.

సమయం కూడా చూసుకోండి. సింగిల్ స్టేజ్ మీద 60 రైఫిల్ రౌండ్లకు కడగడం, సైజు చేయడం, ట్రిమ్ చేయడం, పౌడర్ తూయడం కలిపి రెండు నుంచి రెండున్నర గంటలు. మిగిలేది 42 డాలర్లు. 9 ఎంఎం 200 రౌండ్లు ప్రోగ్రెసివ్ మీద, బ్రాస్ ఏరి కడిగే పనితో కలిపి గంట. మిగిలేది 6 డాలర్లు. ఈ పని చేస్తుంటే మనసు కుదుటపడుతుందనే వాళ్లు ఉన్నారు, నేనూ ఆ జట్టే. మీకు రాత్రి పాప పడుకున్నాక తూకం ముందు కూర్చోవడం విసుగైతే ఆ 42 డాలర్లు కూడా ఖరీదే.

మొదటి ప్రెస్‌గా ప్రోగ్రెసివ్ వద్దనడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. హ్యాండిల్ ఒక్కసారి లాగితే నాలుగైదు చోట్ల నాలుగైదు పనులు జరుగుతాయి. కొత్తవాళ్లకు అన్నిటి మీదా కన్ను నిలవదు. 9 ఎంఎంలో పౌడర్ గుల్లలో సగం కూడా నిండదు. పొరపాటున రెండుసార్లు పడినా గుల్లలో పట్టేస్తుంది, పైకి బుల్లెట్ పెట్టాక తెలియదు. 9 ఎంఎంకి సామీ (అమెరికా తుపాకీ, తూటా తయారీదార్ల ప్రమాణాల సంస్థ) ప్రమాణాల ప్రకారం గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. రెట్టింపు పౌడర్ పడితే ఆ హద్దు దాటి ఎక్కడికో పోతుంది, పిస్టల్ చేతిలోనే పగలొచ్చు. అసలు పౌడర్ పడకపోతే ఇంకో ప్రమాదం. ప్రైమర్ బలానికే బుల్లెట్ బారెల్ మధ్య దాకా పోయి ఇరుక్కుంటుంది. చప్పుడు చిన్నగా వచ్చిందని పట్టించుకోకుండా ఇంకోటి కాలిస్తే బారెల్ ఉబ్బుతుంది. సింగిల్ స్టేజ్‌లో యాభై గుల్లల్లో పౌడర్ పోసి, ట్రే మీద టార్చి వేసి, అన్నిట్లో ఒకే మట్టం ఉందో లేదో చూశాకే బుల్లెట్ పెడతారు. క్రీడ్‌మూర్‌లో గుల్ల దాదాపు నిండిపోతుంది కాబట్టి రెండుసార్లు పోస్తే కళ్లముందే పొర్లిపోతుంది. అయితే దాని గరిష్ఠ ఒత్తిడి 62,000, అక్కడ అరగ్రెయిన్ తేడా కూడా చిన్నది కాదు. పౌడర్ కంపెనీ, బుల్లెట్ కంపెనీ ప్రచురించిన డేటాలో మొదలుపెట్టమన్న చోటే మొదలుపెట్టండి, గరిష్ఠం దగ్గర కాదు. వాట్సాప్‌లో స్నేహితుడు పంపిన లోడ్ ఆయన తుపాకీదే గానీ మీది కాదు.

ఇంట్లో పాప ఉందన్నారు కాబట్టి సీసం గురించి కాస్త గట్టిగా చెప్తాను. మామూలు ప్రైమర్‌లో లెడ్ స్టిఫ్నేట్ ఉంటుంది. కాల్చిన బ్రాస్ లోపల ఆ మసి ఉంటుంది. పొట్టు వేసి టంబ్లర్‌లో పొడిగా తిప్పితే అది దుమ్ముగా లేస్తుంది. నేల మీద పాకే, వేళ్లు నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లో పొడి టంబ్లర్ వద్దు. నీళ్లు, స్టీల్ పిన్నులతో తిప్పే రకం తీసుకోండి. ఆ నీళ్లు వంటింటి సింకులో పోయకండి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకుని పాపను ఎత్తుకోండి.

పౌడర్ గరాజ్‌లో పెట్టడం టెక్సస్‌లో చాలామంది చేసే పని. జులైలో ఆ గరాజ్‌లో మనిషే నిలబడలేడు. వేడికి పౌడర్ త్వరగా పాడవుతుంది. చల్లగా, పొడిగా ఉండే లోపలి గదిలో, కంపెనీ డబ్బాలోనే, తాళం వేసి ఉంచండి. అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 495 ప్రకారం ఇంట్లో 20 పౌండ్ల దాకా పౌడర్, 10,000 దాకా ప్రైమర్లు ఉంచుకోవచ్చు. కరువు వస్తుందని జనం దాచుకునేది కూడా ఈ హద్దులోనే పెట్టుకోవాలి. మీ వాడకానికి రెండేళ్లకు 1,500 ప్రైమర్లు, తొమ్మిది పౌండ్ల పౌడర్ చాలు. 2021లో నిశ్చింతగా ఉన్నవాళ్లు ఇలా ముందే కాస్త పెట్టుకున్నవాళ్లే. ఖాళీ ప్రెస్ పెట్టుకున్నవాళ్లు మిగతావాళ్లతో పాటే వరుసలో నిలబడ్డారు.

ఇక బావమరిది. ఇది మీరు సరదాగా రాశారు గానీ మొత్తం ప్రశ్నలో పెద్ద టెన్షన్ ఇదే. అమెరికా కేంద్ర చట్టం, 18వ టైటిల్‌లోని 922(జి)(5) సెక్షన్, నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదంటుంది. హెచ్-1బి, ఎఫ్-1 అన్నీ దాని కిందికే వస్తాయి. అమ్యునిషన్ అంటే తయారైన తూటా ఒక్కటే అనుకుంటారు మనవాళ్లు. అదే చట్టం 921వ సెక్షన్‌లో దాని నిర్వచనం చదవండి: గుల్లలు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ విడివిడిగా కూడా అమ్యునిషనే. అంటే మీ బల్ల ముందు కూర్చుని ప్రైమర్లు గుచ్చడం కూడా ఆ కుర్రాడికి నేరం కావచ్చు. శిక్ష 2022 సవరణ తర్వాత 15 ఏళ్ల దాకా ఉంది. జైలు సంగతి అటుంచి, వీసా, రేపటి గ్రీన్ కార్డు రెండూ పోవచ్చు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే చట్టంలోనే మినహాయింపు ఉంది. చాలామంది ఆ దారిలోనే రేంజ్‌కి వెళ్తున్నారు. మీ బావమరిది అలా చేయాలనుకుంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో గంట మాట్లాడటం మేలు. అప్పటిదాకా తుపాకీలతో పాటు ఈ సామాను కూడా ఆయనకు తాళం అందని చోట ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి "అది మా బావది" అన్న మాట ఒక్కటే సరిపోదు. గ్రీన్ కార్డు ఉన్న మీకు ఈ నిషేధం వర్తించదు. సొంతానికి లోడ్ చేసుకోవడానికి కేంద్ర లైసెన్స్ కూడా అక్కర్లేదు.

అమ్మడానికైతే కావాలి. అమ్మకం కోసం తూటాలు తయారుచేసేవాళ్లకు టైప్ 06 ఫెడరల్ లైసెన్స్ ఉండాలి, 11 శాతం ఎక్సైజ్ పన్ను కూడా వస్తుంది. అసలు ధరకే ఇస్తున్నాను, లాభం లేదు అనే వాదనతో ఆ గీత దగ్గర ఆడుకోవడం ఎందుకు? పైగా మీరు చేసిన రౌండు స్నేహితుడి తుపాకీలో పేలి వేలు పోతే ఆ స్నేహమూ, మీ ఇంటి ఇన్సూరెన్సూ రెండూ పరీక్షకు వస్తాయి. ఆసక్తి ఉన్నవాళ్లను పిలిచి ప్రెస్ చూపించండి, వాళ్ల తూటాలు వాళ్లే చేసుకుంటారు.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. జేబు మూలలో మిగిలిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కేసు అవుతుంది. తెలియక వచ్చిందని కోర్టులో నిరూపించుకోవచ్చేమో గానీ అప్పటికి మీ సెలవు అయిపోతుంది. రీలోడింగ్ బల్ల మొదలయ్యాక ఇంట్లో ప్రతి సంచిలోనూ ఏదో ఒకటి దొర్లుతుంది కాబట్టి చెప్తున్నాను. అక్కడ లైసెన్స్ లేకుండా తూటా తయారుచేయడం కూడా 1959 చట్టం ప్రకారం నేరమే, ఊళ్లో మామయ్యగారి తుపాకీకి మనం చేసిద్దామన్న ఆలోచన ఉంటే మానేయండి.

మిగతా కాలిబర్ల (తూటా సైజుల) సంగతి కూడా రెండు మాటల్లో. షాట్‌గన్‌లో వాడే 12 గేజ్ టార్గెట్ షెల్స్ ఇప్పుడు గిట్టవు. అదే షాట్‌గన్‌లో 28 గేజ్, 410 గిట్టుతాయి, ఎందుకంటే షాపులో వాటి ధర ఎక్కువ. 44 మాగ్నమ్, 45 కోల్ట్ లాంటి రివాల్వర్ తూటాలకు రీలోడింగ్ బ్రహ్మాండంగా గిట్టుతుంది. 223 రైఫిల్‌లో మామూలు తూటాకు కష్టం ఎక్కువ, ఫలితం తక్కువ. 22 లాంగ్ రైఫిల్‌లో ప్రైమర్ అంచులోనే కలిసిపోయి ఉంటుంది కాబట్టి ఇంట్లో లోడ్ చేసే ప్రసక్తే లేదు.

అయినా మీ 9 ఎంఎం ఖర్చు తగ్గాలంటే ఆ 22నే చూడండి. రౌండు 7 సెంట్ల దగ్గర దొరుకుతోంది. మీరు నెలకు కాల్చే 200లో వంద రౌండ్లు ఒక 22 పిస్టల్‌కి మార్చితే నెలకు 17 డాలర్లు మిగులుతాయి, ప్రెస్ మిగిల్చే 6 డాలర్లకు దాదాపు మూడింతలు. మూడు వందల డాలర్ల పిస్టల్ ఏడాదిన్నరలో తన ఖర్చు తాను తెచ్చుకుంటుంది, రాత్రిళ్లు బల్ల ముందు కూర్చునే పని కూడా లేదు.